గండము గడచినవారి మాట

విరుదునగరమునుండి మానామదురైకి పోవు రైలు అరుప్పుక్కోట్ట, తిరుచ్చుళి దాటి నరికుడి చేరునప్పటికి, కిటికీకి ఇరువైపుల చూపు ఆనినంత మేర సర్కారు తుమ్మ తప్ప వేఱొక పచ్చన కంటబడుట అరుదు. ఐప్పసి, కార్తిక మాసముల వానలకు కణ్మాయిలనబడు ఇచటి చెఱువులు నిండినప్పుడు నాలుగు నెలలపాటు నేల నవ్వును. తక్కిన దినములలో ఆకాశమును నమ్ముకొని బ్రదుకు మెట్టసీమ యిది. ఈ సీమయందును, ఇచటినుండి పడమరగా సాత్తూరు, శివకాశి, దక్షిణముగా కోవిల్‌పట్టి, ఎట్టయపురముల వరకు వ్యాపించిన నల్లరేగడియందును, ఇంటిలో తెలుగును వీధిలో తమిళమును మాటలాడుకొను కుటుంబములు కొన్ని వందల యేండ్లుగా కాపురమున్నవి. కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయకులు, మఱియు పెక్కు కులములవారు వీరిలో కలరు. వీరిలో అనేకుల తెలుగునకు బడి లేదు, పుస్తకము లేదు. అవ్వల నోటినుండి మనుమల చెవిలోనికి దిగిన ధారయే దానికి ఆధారము. ఆ ధారలో మొట్టమొదట దిగు కథ యేదని విచారించినచో, అది చావు నోటినుండి తప్పించుకొని వచ్చిన కథయని తేలును.

ఉత్తరదేశమున నొక యేలిక తమ యాడబిడ్డను కోరెననియు, ఇచ్చుటకు మనసొప్పక, ఎదిరించుటకు బలము చాలక, పొయ్యిమీది కుండను పొయ్యిమీదనే విడిచి తమవారు రాత్రికి రాత్రి దక్షిణమునకు బయలుదేరిరనియు, వెనుక గుఱ్ఱముల డెక్కల చప్పుడు వినబడుచుండగా ఎదుట నిండు వెల్లువతో నది యడ్డుపడెననియు, ముందునకు పోయిన నీటిచావు, వెనుకకు మరలిన కత్తిచావు అని ఆడువారు గుండెలు బాదుకొనుచున్న ఆ క్షణమున, ఇరుగట్లమీది కానుగచెట్లు వంగి కొమ్మకు కొమ్మను కలిపి వంతెనయై నిలిచెననియు, కడపటివారి పాదము ఆవలి గట్టున మోపినంతనే చెట్లు మరల నిటారుగా లేచెననియు ఆ కథ. దక్షిణ భారత కులములను గూర్చి 1909లో ఏడు సంపుటములు వెలువరించిన ఎడ్గార్ థర్‌స్టన్ రాజకంబళ నాయకుల ప్రసక్తిలో ఈ కానుగ వంతెన ముచ్చట నెక్కించెను. కోవిల్‌పట్టి చెంత ఇడైసెవల్ గ్రామమున 1923లో తెలుగింట పుట్టి, తమిళమున మహారచయితగా పేరుగాంచిన కి. రాజనారాయణన్, 1976లో వెలువరించిన ‘గోపల్ల గ్రామం’ నవలలో నూరేండ్లు దాటిన యొక ముత్తవ్వ నోట ఈ పలాయన గాథనే చెప్పించెను. ఆ నవలకు కొనసాగింపుగా వ్రాసిన ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారము లభించినది. 2021 మేలో ఆయన పుదుచ్చేరిలో కన్నుమూసినప్పుడు, భౌతికకాయమును ఇడైసెవలునకు తెచ్చి తమిళనాడు ప్రభుత్వము సర్వలాంఛనములతో అంత్యక్రియలు జరిపినది. చంకబిడ్డలతో పరుగెత్తి వచ్చినవారి కథను వ్రాసినందుకు ఒక తెలుగింటి బిడ్డకు దక్కిన ఈ గౌరవమును తలచుకొన్నప్పుడు నా కన్ను చెమర్చును.

ఆ నది యేది, ఆ యేలిక యెవడు, ఏ శతాబ్దమున జరిగెనని చరిత్రకారులు వెదకుదురు గాక. నన్నాకర్షించినది మఱొక విషయము. తమ పూర్వులు గెలిచిన యుద్ధమునో, కట్టిన కోటనో తలచుకొని మీసము దువ్వు వంశములు లోకమున పెక్కు కలవు. ఈ కథలో గెలుపు లేదు. ఓడిపోయి, భయపడి, పరుగెత్తి, ఒక చెట్టు దయచేత మిగిలితిమని ఈ జనులు తలవంచి చెప్పుకొందురు. ఆ చెట్టునకు నేటికిని మ్రొక్కుదురు. గండము గడచినవాడు తన తెలివిని గాక తన్ను దాటించినదానిని జ్ఞాపకముంచుకొనుట ఈ కథ మనకు నేర్పిన మర్యాద. ఈ సీమలో నేను విన్న ప్రతి గండపు కథయందును ఇట్టి ఋణ మొకటి దాగియున్నది. దానిని వెదకుటయే ఈ వ్యాసపు పని.

చెట్టు సాక్ష్యము కథకు చాలును గాని చరిత్రకు చాలదు. అందుచేత కాగితముమీది కెక్కిన యొక సంఘటనను చెప్పెదను. వీరపాండ్య కట్టబ్రహ్మన పేరెఱుగని తెలుగువారు తక్కువ. ఆయనది ఇంట తెలుగు పలుకు రాజకంబళ నాయకుల వంశమని యెఱిగినవారు మఱియు తక్కువ. 1799 అక్టోబరు 16న కయత్తారులో ఆంగ్లేయులాయనను ఉరితీసిరి. మాట సరిగా రాని కారణమున లోకముచేత ఊమైదురై యని పిలువబడిన ఆయన తమ్ముడు, పాళయంకోట చెఱలో పడి, 1801 ఫిబ్రవరి 2న తప్పించుకొని, నేలమట్టము చేయబడిన తమ పాంచాలంకురిచి కోటను కొలది దినములలోనే మట్టితో మరల లేపెను. ఆ కోట ఆంగ్లేయుల మొదటి దాడికి లొంగలేదు. మే నెల 24న గాని పడలేదు. పడిన దినమున ఊమైదురై ఒడలెల్ల గాయములతో, కోటకు కొంత దూరమున, చచ్చినవారి నడుమ చచ్చినవానివలె పడియుండెను.

ఆ మీది కథను, ఆ యుద్ధమున స్వయముగా పాల్గొన్న జేమ్స్ వెల్ష్ అను ఆంగ్ల సేనాని 1830లో ప్రకటించిన తన స్మృతులలో వ్రాసెను. శత్రువు వ్రాసినదగుట చేత దానికి విలువ హెచ్చు. కోట పడిన పిమ్మట పల్లెపడుచులు తమవారి శవములకై రణభూమిలో వెదకుచుండగా, ఒక తల్లికి కొనయూపిరితోనున్న కొడుకు దొరకెను. నీళ్ళు పోసి లేవనెత్తబోయిన తల్లితో ఆ కొడుకు, తన్ను విడిచి, ప్రక్కన పడియున్న దొరను కాపాడుమని వేడుకొనెను. కన్నకొడుకు ప్రాణమొక చేత, కొడుకు మాట యొక చేత పట్టుకొని ఆ తల్లి యెట్లు నిర్ణయించుకొనెనో వెల్ష్ వ్రాయలేదు, వ్రాయగలవాడును కాడు. ఆమె దొరనే యెత్తించుకొని యింటికి కొనిపోయెను. ఇంతలో ఆంగ్లేయుల పక్షమున నున్న ఎట్టయపురపు సిపాయిలు వెదకికొనుచు ఆ యూరికి వచ్చిరి. పరుగెత్తుటకు తావు లేదు, దాచుటకు మఱుగు లేదు. అప్పుడా స్త్రీలు గాయపడిన వానిపై తెల్లగుడ్డ కప్పి, బిడ్డను అమ్మవారు పొట్టన పెట్టుకొనెనని గొంతెత్తి యేడ్వసాగిరి. మశూచి పేరు వినినంతనే, తుపాకులకు వెఱవని సిపాయిలు గుమ్మము త్రొక్కక మరలిపోయిరి.

ఇందులో కానుగచెట్టేది? ఊరు, పేరు, ముఖము తెలియని యొక పల్లెటూరి తల్లి. ఆమెకు ఆయుధము లేదు. ఉన్నదంతయు, ఎదుటివాడు దేనికి భయపడునో యెఱిగిన లోకజ్ఞానము. ఊమైదురై కోలుకొని శివగంగ సీమకు పోయి అచటి యేలికలగు మరుదు సోదరుల అండ చేరి, మఱికొన్ని నెలలు పోరాడి పట్టువడెను. 1801 నవంబరు 16న పాంచాలంకురిచిలోనే ఆయనను ఉరితీసిరి. ఆ తల్లి కొనితెచ్చినది ఆయనకు ఆఱు మాసముల ఆయువు మాత్రమే. అది వ్యర్థమయ్యెనని నేననుకొనను. శివగంగ పొలిమేరనున్న నరికుడి ప్రాంతమున నేటికిని ఆ సోదరుల పేరు, ఊమైదురై పేరు కలిపి పాడుకొందురన్నచో, ఆ పాట మొదలైనది ఆ తెల్లగుడ్డ క్రిందనే.

నరికుడి పొరుగుననున్న తిరుచ్చుళిని గూర్చి చెప్పక ఈ ప్రసంగము సాగరాదు. రమణ మహర్షి 1879 డిసెంబరు 30న పుట్టినది ఆ యూరనే. తండ్రి సుందరమయ్యరు 1892లో గతించగా, బాలుడు మధురలో పినతండ్రి యింట చొక్కప్ప నాయక్ వీధిలో పెరిగెను. 1896 జులై నడుమ, పదునాఱేండ్ల ప్రాయమున, మేడమీది గదిలో ఒంటరిగా కూర్చున్నవేళ, ఒంట జబ్బు లేకయే, చచ్చిపోవుచున్నానను మహాభయ మాతనిని హఠాత్తుగా ఆవరించెను. వైద్యునికై పరుగెత్తలేదు, పెద్దలను కేకవేయలేదు. కాలుసేతులు బిఱ్ఱబిగించి, పెదవులు మూసి, ఊపిరి బిగబట్టి, శవమువలె పరుండి, ఈ దేహము చచ్చినచో చచ్చునది నేనా యని లోచూపుతో పరిశీలించెను. ఆ పరీక్షనుండి లేచిన బాలుడు మునుపటి బాలుడు కాడు. ఆగస్టు 29న ఇల్లు విడిచి, సెప్టెంబరు 1న అరుణాచలము చేరెను.

ఇది తెలుగు పాఠకులకు తెలిసిన కథ. రమణాశ్రమమునుండి సూరి నాగమ్మగారు వ్రాసిన లేఖలు చదివిన యిండ్లలో మఱియు బాగుగా తెలిసిన కథ. అంతగా ప్రచారము లేనిది 1912లో జరిగినది. పచ్చయమ్మన్ కోవెలనుండి విరూపాక్ష గుహకు మరలివచ్చుచు, తాబేలు రాయి యొద్ద మహర్షికి కన్నులయెదుట తెల్లని తెర దిగినట్లై, కొండయు దారియు కనుమఱుగయ్యెను. నాడి నిలిచినది, శ్వాస నిలిచినది, మేను నీలివన్నెకు తిరిగినది. వెంటనున్న వాసుదేవశాస్త్రి ఆయన చనిపోయెనని నిశ్చయించుకొని, గట్టిగా కౌగిలించుకొని విలపింపసాగెను. పదునైదు నిమిషములకు లోపల దేహమెల్ల ఝల్లుమని నెత్తురు మరల ప్రవహించెను. ఆ కౌగిలి బిగువు, శాస్త్రి వణకుట, చుట్టునున్నవారి యేడ్పు తనకు స్పష్టముగా తెలియుచునే యుండెనని మహర్షి తరువాత చెప్పెను. మృత్యువును ఒంటరిగా పరీక్షించి చూచిన మహనీయుని రెండవ యనుభవమున సయితము, పట్టుకొని యేడ్చిన యొక స్నేహితుని చేతులు జ్ఞాపకమునకు నిలిచెనన్న మాట నన్ను మొదటి యనుభవముకంటె హెచ్చుగా కదలించును. వేదాంతులు దీనిని వేఱుగా వ్యాఖ్యానింతురేమో. నా కర్థమైనది నేను వ్రాసితిని.

మహనీయుల ప్రక్కన నిలుపదగినది కాకున్నను, నా చిన్ననాటి గండమొకటి ఇచట చెప్పకతప్పదు. ఈ సీమలో ఏటికంటె ఓడ ప్రమాదకరమైనది. ఓడ యనగా వానకాలపు వాగు. పదునొకండు మాసములు ఇసుకదారియై బండ్లకు పనికివచ్చి, పండ్రెండవ మాసమున ఎక్కడనో కురిసిన వానను మోసికొని కబురు లేక దిగును. కార్తికమాసపు సాయంకాల మొకనాడు, పెదనాయన ప్రత్తిబస్తాల బండిమీద తెచ్చుచుండగా, బస్తాలమీద నేను పరుండి మబ్బులు చూచుచుంటిని. మా నెత్తిన చినుకు లేదు. పడమటి దిక్కు మాత్రము కాటుకవలె నల్లబడియుండెను. ఓడ దరికి వచ్చి ఎద్దులు నిలిచిపోయినవి. పెదనాయన అదలించెను, తోక మెలిపెట్టెను, చెర్నాకోల ఝళిపించెను. వలపటి యెద్దు మెడ వంచి ముట్టె నేలకానించి బుస కొట్టినదేగాని, గిట్ట ఇసుకలో దింపలేదు. చీకటిపడుచున్నది, ఇల్లు ఓడకు ఆవల పిలుపుదూరమున నున్నది, కొట్టి దింపుటకు ఆయన చేత కోల యున్నది. ఆయన దానిని కాడిమీద పెట్టి, బండి దిగి, ఎద్దు మెడ నిమురుచు, “ఎద్దు రానంటే మనమూ పోగూడదురా అబ్బయ్యా, దానికేందో ఇనబడతాది” అనెను. ఆయన నోట ఆ మాట వచ్చి వక్కలాకు నమిలి ఉమియునంత సేపు పట్టలేదు, తాటిమట్టలు కుప్పగా ఈడ్చుకొని వచ్చినట్టి చప్పుడుతో, కంపయు బురదయు ముందు త్రోసికొనుచు, నడుమెత్తు నీరు ఓడలో దిగినది. బండి యుండవలసిన చోట ఒక తుమ్మచెట్టు వేళ్ళతోసహా దొర్లుచు పోయెను. ఆ రాత్రి మేము ఈవలి గట్టుననే, బస్తాల మధ్య, చొప్ప కప్పుకొని పడుకొంటిమి. ఎద్దు నాకు ప్రాణము పెట్టినదని ఇంటివారందఱు చెప్పుదురు, నిజమే. మూగజీవి చెప్పిన మాటను, చేత కోల యుండియు వినిన మనుష్యునికి నేను మఱింత ఋణపడితినని నాకు పెద్దయైన పిదప తెలిసినది.

ఇట్టి యనుభవములను పరిహాసమునకు విడువక, శ్రద్ధతో ప్రోగుచేసినవారు లోకమున కొందఱు కలరు. ఆల్బర్ట్ హైమ్ అను స్విస్ భూగర్భశాస్త్రజ్ఞుడు 1871లో ఆల్ప్స్ పర్వతములలో కాలు జాఱి పడి బ్రదికి, తనవలె పడి బ్రదికినవారిని ఏండ్లతరబడి విచారించి, 1892లో ఆ వాఙ్మూలములను ప్రకటించెను. పడునపుడు భయము తోచలేదనియు, కాలము సాగినట్లయ్యెననియు, బుద్ధి మిక్కిలి తేటపడెననియు వారిలో పెక్కురు చెప్పిరి. మనదేశమున బెంగళూరు నిమ్‌హాన్స్ సంస్థకు చెందిన సత్వంత్ పస్రీచా, ఇయాన్ స్టీవెన్‌సన్‌తో కలిసి 1986లో ప్రకటించిన పరిశీలనలో, ఉత్తర భారతమున చచ్చి బ్రదికితిమని చెప్పిన పదునాఱుగురి కథలు కలవు. యమదూతలు కొనిపోయిరనియు, పుస్తకము చూచి ఇతడు కాడు వేఱొకడని పంపివైచిరనియు చెప్పినవారందులో కలరు. లెక్క తప్పినది చిత్రగుప్తుడో, మెదడో శాస్త్రజ్ఞులు తేల్తురు గాక. భూమిమీద ఇంకను నూకలున్నవని మన యూళ్ళలో చెప్పుకొను మాటయు ఆ పుస్తకమునే తలపించును.

నేనెఱిగినంతలో ఇట్టి విచారణకు రాని 1956నాటి రైలు ప్రమాదముల మాట స్వల్పముగా చెప్పి దాటెదను. ఆ సెప్టెంబరులో మన మహబూబ్‌నగరము దగ్గఱ వాన దెబ్బకు వంతెన కూలి రైలు పడి నూఱుమందికి పైగా మరణించిరి. నవంబరు 23 తెల్లవాఱుజామున, మధుర, విరుదునగరము, కోవిల్‌పట్టి మీదుగా తూత్తుకుడికి పోవలసిన మద్రాసు ఎక్స్‌ప్రెస్సు, అరియలూరు చెంత మరుదయ్యాటి వెల్లువలో పడినది. ఇంజనుతోపాటు ముందటి పెట్టెలు నీటిపాలైనవి. వెనుకటి పెట్టెలు పట్టాలమీదనే నిలిచినవి. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి మొదటి ప్రమాదమునకే రాజీనామా ఇచ్చియు నెహ్రూ యొల్లక నిలిచి, రెండవదానితో పదవిని వీడెను. చోటు దొరకక విసుగుకొనుచు వెనుకటి పెట్టె యెక్కినవాడు, తెల్లవాఱిన పిదప గట్టున నిలిచి ముందటి పెట్టెల నేమని చూచియుండును? ఆ ప్రశ్నకు బదులు చెప్పగలవారిని ఎవరును కూర్చుండబెట్టి అడిగినట్లు నేనెఱుగను.

ఇక ఈ సీమ నిత్యమును ఎదుర్కొనుచున్న గండము. 1923లో శివకాశినుండి అయ్య నాడారు, షణ్ముగ నాడారు అను ఇరువురు యువకులు కలకత్తాకు పోయి అగ్గిపుల్లల తయారీ నేర్చికొని వచ్చిరి. వాన తక్కువైన ఈ గాలి, సేద్యము సాగని జనుల అవసరము, రెండును కలిసి శివకాశిని దేశమునకంతకును టపాకాయల బొక్కసముగను, కోవిల్‌పట్టి, సాత్తూరులను అగ్గిపెట్టెల పట్టణములుగను చేసినవి. తెలుగిండ్లు, తమిళయిండ్లు అను భేదము లేక, పల్లె పల్లెకు తెల్లవాఱుజామున కంపెనీ బస్సు వచ్చును. మందు కలుపు పని చల్లని వేళలోనే ముగియవలెను. ఎండ ముదిరిన కొలది ముప్పు ముదురును.

ఆ షెడ్డును దగ్గఱగా చూచినవారికి దాని ప్రతి యంగమును ఎవరో చచ్చి చెప్పిన పాఠముగా తోచును. గదికి గదికి నడుమ ఖాళీనేల విడువవలెను. ఒకటి ప్రేలినచో రెండవదానికి అంటుకొనకుండుటకది. మందు పని జరుగు గదిలో నలుగురికి మించి యుండరాదు. తలుపులు వెలుపలికే తెరచుకొనవలెను; ప్రాణభయమున పరుగెత్తువాడు తలుపును లోనికి లాగికొనుటకు ఒక్క అడుగు వెనుకకు వేయవలసివచ్చినచో, ఆ యడుగే అతని చావగును. గుమ్మము చెంత నేలలోనికి దింపిన రాగిరేకు కలదు. లోనికి పోవునప్పుడెల్ల దానిపై అరచేయి మోపి, ఒంటిలో చేరిన విద్యుత్తును నేలకు విడిచి పోవలెను. నైలాను చీర కట్టరాదు, నూలుగుడ్డయే కట్టవలెను. పెట్లుప్పు, గంధకము, అల్యూమినియము పొడి కలిసిన మిశ్రమమునకు నిప్పు అక్కఱలేదు. గట్టి రాపిడి చాలును. పనివారి మోచేతులవఱకు ఆ పొడి వెండిపూతవలె మెఱయుచుండును. ఎంత తోమినను గోళ్ళ మూలల మెఱుపు పోదు.

చట్టము చాలక మనుష్యులు చచ్చుటలేదు. 1884నాటి ప్రేలుడు పదార్థముల చట్టమును, 2008నాటి నియమములును ఇవన్నియు చెప్పుచునే యున్నవి. అనుమతి పొందినవాడు షెడ్లను గుత్తకిచ్చుట, గుత్తదారు నలుగురి చోట పదిమందిని కూర్చుండబెట్టుట, దీపావళి గిరాకీకై చెట్టునీడను సయితము పనిగదిగా మార్చుట, ఇవి చంపుచున్నవి. 2021 ఫిబ్రవరి 12న సాత్తూరు చెంత అచ్చంకుళములో ఇరువదిమందికి పైగా బలియైనప్పుడు ఈ గుత్తపద్ధతియే వెలుగులోనికి వచ్చినది. 2012 సెప్టెంబరు 5న శివకాశి చెంత ముదలిపట్టిలో దాదాపు నలువదిమంది చనిపోయిరి. వారిలో పెక్కురు ఆ కర్మాగారపు పనివారు కారు. మొదటి ప్రేలుడు విని పనివారు వెలుపలికి పరుగెత్తగా, పొగ చూచి చుట్టుప్రక్కల పల్లెలవారు లోనికి పరుగెత్తిరి; నిలువచేసిన మందు అప్పుడు ప్రేలెను. వచ్చినవారిలో సాయపడ వచ్చినవారెందఱో, చూడ వచ్చినవారెందఱో వేఱుచేయుట నాకు తగని పనిగా తోచును. మంటలోనున్నది పొరుగింటివారేమోనని పరుగెత్తు కాలికి, లోపల నిలువ యెంతయున్నదో తెలియు దారి లేకపోయినది. ఆ తెలివి లోపలినుండి బయటపడినవారికి మాత్రమే కలదు. దూరముగా పొండని అఱచినవారు కొందఱైనను ఉండియుందురు. ఆ కేక విని మరలినవారు నేడు బ్రదికి యుందురు. ఆ కేకయే వారి కానుగచెట్టు.

నాకు దూరపు వరుసకు అత్తయగు నొక యామె ఇట్టి పనిలోనే ఇరువదియేండ్లు గడపినది. ఏ కర్మాగారమో, ఏ యేడో చెప్పుట కామె యిష్టపడలేదు గనుక నేనును చెప్పను. ఆమె పనిచేయు గదిలో మధ్యాహ్నమునకు ముందు ఒకరు పోయి బిందెడు నీళ్ళు తెచ్చుట వాడుక, దినమునకొకరి వంతు. ఆ దినము వంతు ఆమెది కాదు. వంతుగలామె ఒడిలో మందు పూర్తికాని గుల్లలు మిగిలియుండుటచేత, “నువ్వు పొయ్యిరా వదినా, రేపు నేను పోతా” అనెను. అత్త రాగిరేకు దాటి, వేపచెట్టుక్రింది కొళాయి యొద్ద బిందె వంచుచుండగా వీపున వేడిగాలి కొట్టి బోర్లపడినది. లేచి చూచునప్పటికి గదికి పైకప్పు లేదు. అత్త యెడమ చేయి మోచేతినుండి కమిలి, ముందు శివకాశి ఆసుపత్రిలోను, పిదప మధుర పెద్దాసుపత్రిలోను నెలలతరబడి యుండి వచ్చినది. కాలిన చర్మము మానునప్పుడు ముడుచుకొనును. మణికట్టునకు త్రాడు కట్టి లాగినట్లు వ్రేళ్ళు లోనికి తిరుగును. దినదినమును వాటిని సాగదీయకున్నచో పిడికిలి తెరచుకొనదు. ఆమె రెండు వ్రేళ్ళు నేటికిని తెరచుకొనవు. వాటితోనే అగ్గిపెట్టెల కట్టలు కట్టి యిల్లు గడపుచున్నది.

ఏటేట ఆడిమాసమున ఆమె ఇరుక్కన్‌కుడి మారియమ్మ సన్నిధికి పోవును. అర్జున, వైప్పారు నదుల నడుమనున్న ఆ కోవెలలో, గండము గడచినవారు తమ పేర మ్రొక్కుబడులు చెల్లింతురు. అత్త రెండు పేరుల చెల్లించును. రెండవది ఆమె వదిన పేరు.

గత పొంగలికి పోయినప్పుడు ఆమె నడిగితిని: ఆ గదిలో ఎందఱుండిరి, ఎవరెచట కూర్చుండిరి, తలుపు ఎటు తెరచుకొనెడిది, దాని యెదుట బుట్టలు పేర్చియుండిరా, ముందు ఏ మూల మెఱుపు కనబడినది, ఆ వేళ మందు జల్లెడ పట్టుచుండిరా నూరుచుండిరా అని. చనిపోయినవారు చెప్పలేని సంగతులివి. ఇంకొక గదిలోని నలుగురిని కాపాడగలిగిన సంగతులును ఇవియే. ఆమె నావంక ఆశ్చర్యముతో చూచి, “ఇన్నేండ్లకు నువ్వొకడివి అడుగుతుండావు. అప్పుడు సచ్చినోళ్ళ పేర్లు రాసుకొని పాయిరి, అంతే” అనెను. పిమ్మట కొడుకు నోటుపుస్తకములోనుండి ఒక కాగితము చించి తెమ్మని, ముడుచుకొన్న వ్రేళ్ళ సందున పెన్సిలు పట్టి, గదికి నాలుగు గీతలు గీచి, తలుపును ఉత్తరపు గోడన పెట్టి, మొదట తన వదిన కూర్చున్న చోటును గుర్తించి, ఒక్కొక్కరినే చెప్పసాగెను.